శుభలేఖ మీద యుద్ధ పద్యం

పద్యం అర్థం కానివాళ్లంటే నాకు చులకన లేదు. అర్థం కాకుండానే ఆహా అనేవాళ్లంటే ఉంది. ఆ రెండో రకం వాళ్లు నెలకో ఆదివారం హాబ్సన్‌విల్‌లో ఒక ఇంట్లో పోగవుతారు. బోటనీ డౌన్స్‌లోని మా ఇంటి నుంచి మోటార్‌వే మీద గంటసేపు వెళ్లాలి. అయినా మూడేళ్లు మానకుండా వెళ్లాను. తెలుగు దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేసినవాడికి తప్పులు పట్టుకోవడం తిండి లాంటిది. ఆక్లాండ్‌లో నాకు ఆ తిండి దొరికే చోటు అదొక్కటే.

ఇంటాయనది గుంటూరు వైపు. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. నన్ను 'గురువుగారూ' అంటాడు. పద్యం చదివేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. కళ్లు మూసుకుని చదివేవాడికి ఎదుటివాళ్లు ఫోన్లు చూసుకుంటున్న సంగతి తెలియదు. అదొక సుఖం.

పోయిన శీతాకాలంలో ఒక ఆదివారం ఆయన మాట్లాడిన అంశం, పాత యుద్ధకావ్యాల్లో దృశ్యసౌందర్యం. పదిహేనుమందిమి ఉన్నాం. బూట్లన్నీ గుమ్మం దగ్గర, పకోడీలు వంటగదిలో, గదిని వెచ్చబరిచే హీట్ పంప్ గోడ మీద గురక పెడుతోంది. పెద్ద టీవీ మీద బొమ్మలు వేస్తూ ఆయన వివరించాడు. యుద్ధరంగాన్ని ఆ కవులు కొలనుగా చూశారట. తెగిన తలలు తామరలు, జుట్టు నాచు, నెత్తుటిలో తేలే తెల్లగొడుగులు హంసలు, తెగిపడ్డ చేతులు నీటిపాములు. నిజమే, అలాగే రాశారు. వందల ఏళ్లు ఒకరి తర్వాత ఒకరు అదే కొలనును తవ్వారు. కానీ టీవీ మీద కనబడింది ఏమిటంటే శుభ్రమైన నీలం నీళ్లు, గులాబీరంగు తామరలు, రెండు హంసలు. తల ఒక్కటి లేదు.

"స్క్రీన్‌సేవర్‌లా ఉందండీ," అన్నారెవరో వెనక నుంచి.

"పిల్లలుంటారు కదా అని బ్లడ్ అవాయిడ్ చేశానండీ," అన్నాడు ఇంటాయన. "అందమే కదా మనకు కావలసింది!"

పిల్లలు మేడ మీద ఉన్నారు. వీడియో గేమ్‌లో ఒకరినొకరు తుపాకులతో కాల్చుకుంటున్న చప్పుడు మాకు కిందికి వినబడుతూనే ఉంది.

నేను ఒక్క మాట అడిగాను. "ఎవరి తలలండీ తామరలయ్యేది?"

"వీరులవండీ."

"ఏ వీరులవి?"

ఆయన మర్యాదగా నవ్వి తర్వాతి బొమ్మకు వెళ్లిపోయాడు. జవాబు నాకు తెలుసు. తామర అయ్యేది రాజు తల, రాజు తమ్ముడి తల, పేరున్న సేనాని తల. జీతానికి కత్తి పట్టిన కాలిబంటు తల ఏ పువ్వూ కాదు. అతను బురద అవుతాడు. రథచక్రాలు దిగబడ్డ బురదను వర్ణించిన పద్యాల్లో అతన్ని వెతుక్కోవాలి. ఆ కవుల్లో చాలామంది శవాన్ని దగ్గరగా చూడలేదని నా అనుమానం. చూసినవాడికి కంపు గుర్తుంటుంది. ఈ పద్యాల్లో కన్నుంది, ముక్కు లేదు.

వాళ్లను అనే హక్కు నాకుందని కాదు. మా డెస్కులో చేసింది కూడా అదే. నాయకుడు చనిపోతే 'రాలిన ధ్రువతార' అని పెట్టేవాళ్లం. కూలీల ట్రాక్టర్ బోల్తాపడితే 'నెత్తురోడిన రహదారి' అని పెట్టేవాళ్లం. చూడండి, నెత్తురు కూడా కూలీలకు దక్కలేదు, రోడ్డుకు ఇచ్చాం. ఆ శీర్షిక నేనే ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. పెట్టిన ప్రతిసారీ బాగా కుదిరిందని టీ తాగాను.

సభ అయ్యాక ఇంటాయన నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లి ఒక కాగితం చేతిలో పెట్టాడు. కూతురి పెళ్లి శుభలేఖ ప్రూఫ్. మొదటి ఆకు మీద పద్యం.

"ఎవరి కార్డు మీదా లేని పద్యం వెతికానండీ. అందరూ వేసే ఆ నాలుగు శ్లోకాలు చూసి చూసి విసుగొచ్చింది. ఇది యుద్ధకావ్యంలోదంటే ఎవరూ నమ్మరు. రణరంగాన్ని పెళ్లిపందిరిలా చూశాడు కవి! ఎంత దర్శనం!"

చదివాను. బాణాలు అల్లుకుని పందిరయ్యాయని మొదటి పాదం. నేలంతా కుంకుమ చల్లినట్టుందని రెండో పాదం. ఏనుగుల కుంభస్థలాలు పగిలి రాలిన ముత్యాలు తలంబ్రాలయ్యాయని మూడో పాదం. కాళ్లు నేలకానని పెళ్లికూతుళ్లు పూలదండలు పట్టుకుని వరుసగా వచ్చారని నాలుగో పాదం. పద్యం అక్కడితో అయిపోయింది.

కావ్యం అయిపోలేదు. తెలుగు ఎమ్మే చదివిన రోజుల్లో మా మాస్టారు ఆ ఘట్టం వారంరోజులు చెప్పాడు. ఆ పెళ్లికూతుళ్ల కాళ్లు నేలకు ఆనకపోవడానికి కారణం వాళ్లు దేవకన్యలు కావడం. దండలు వేసేది చచ్చిపడి ఉన్నవాళ్లకు. తర్వాతి పద్యంలో పెళ్లిభోజనాల బంతి ఉంది. ఆ బంతిలో కూర్చునేవాళ్లెవరో కూడా నాకు గుర్తుంది. ఈయనకు ఎవరో ఫోన్‌లో బొమ్మగా పంపిన నాలుగు పాదాలే తెలుసు. పుస్తకం తెరిచిన మనిషి కాడు.

రెండు అచ్చుతప్పులు దిద్దాను. ఒక చోట అరసున్నా ఎందుకని కొట్టేశాను. కాగితం ఇచ్చేశాను.

"బాగుందాండీ?"

"అచ్చు బాగుంది," అన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, చెప్పబుద్ధి కాలేదు. డెస్కులో మాకిది అలవాటే. గిట్టనివాడి పేజీలో తప్పు కనబడితే చూడనట్టు వదిలేసి, పొద్దున పేపర్ వచ్చాక చూసి నవ్వుకోవడం. తెలిసినవాడు ఎవడో ఒకడు ఆ కార్డు చూసి ఈయన మొహం మీద నవ్వుతాడు, నవ్వనీ అనుకున్నాను. వచ్చే దారిలో బ్రిడ్జి మీద కారు నడుపుతూ ఒకసారి నవ్వుకున్నాను కూడా.

మూడు వారాలకు ఇంటాయన కూతురు, ఆ కార్డులోని పెళ్లికూతురు, మా ఇంటికి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఫిజియోథెరపిస్ట్. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం దారిలో ఇంగ్లీష్‌లోకి దిగుతుంది. కార్డులు ఇండియాలో అచ్చయి వచ్చేశాయట. ఒకటి తెచ్చింది.

"అంకుల్, నాకు దీని మీనింగ్ కావాలి. ఆంటీకి ఫస్ట్ కార్డ్ మేం ఇవ్వాలి కదా. అది ఇచ్చేటప్పుడు ఏం రాసుందో నాకు తెలియకపోతే బాగోదు."

ఆంటీ అంటే పెళ్లికొడుకు తల్లి. పెళ్లికొడుకు తెలంగాణ అబ్బాయి. ఈ దేశానికి దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో, పాలిటెక్నిక్‌లో కార్ల పని చదువుకుని, ఆ చలిలోనే ఒక వర్క్‌షాప్‌లో కుదురుకున్నాడు. తల్లి పెళ్లికని కరీంనగర్ వైపు నుంచి శనివారం వస్తోందని అమ్మాయి చెప్పింది.

"వాళ్ల నాన్న జవాన్, అంకుల్. తనకు టూ ఇయర్స్ ఉన్నప్పుడు చనిపోయారు. ఆంటీ నన్ను ఒక్కటే అడిగింది, ఫోన్‌లో. పెళ్లిలో ఆయన గురించి ఎవరూ స్టేజ్ ఎక్కి మాట్లాడకూడదు అని. హీరో, మార్టిర్, అవేవీ వద్దు అని. జస్ట్ వన్ థింగ్ అడిగింది. నేను ప్రామిస్ చేశాను."

నా చేతిలో కార్డు బరువెక్కింది అని రాస్తే మా పాత ఆదివారం అనుబంధం కథలా ఉంటుంది. బరువేమీ ఎక్కలేదు. మందపాటి అట్ట, అంతే. నేను మాత్రం తల ఎత్తలేదు. పాదం పాదం అర్థం చెప్పాను. కార్డు మీద లేని సంగతి కూడా చెప్పాను.

"సో ద గ్రూమ్ ఈజ్ డెడ్?"

"పెళ్లికొడుకులంతా."

ఆమె నెమ్మదిగా అడిగింది. "ప్రూఫ్ మీరే చూశారని నాన్న అన్నారు."

"అచ్చుతప్పులు చూశాను."

"యా," అంది, కార్డు తీసుకుని సంచిలో పెట్టుకుంటూ. "స్పెల్లింగ్ అంతా కరెక్ట్‌గా ఉంది, అంకుల్."

ఆ సాయంత్రమే ఆమె వెంట హాబ్సన్‌విల్ వెళ్లాను. ఇంటాయన ముందు నమ్మలేదు. పుస్తకంలో ఆ పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లాను, అది చూపించాను. చదివాడు. ఒక్క నిమిషం ఇబ్బంది పడ్డాడు. తర్వాత తెలివి వచ్చింది.

"గురువుగారూ, మనం ఉపమానం మాత్రమే కదండీ తీసుకున్నది. ఉపమేయం వదిలేశాం. పందిరి ఉంది, తలంబ్రాలున్నాయి, దండలున్నాయి. శవం ఎక్కడుందండీ కార్డు మీద?"

ముప్పై ఏళ్లు డెస్కులో ఉండి ఎన్నో సమర్థనలు విన్నాను. ఇంత చక్కటిది వినలేదు. పోలికను తను ఉంచుకుని, ఎవరిని పోల్చారో ఆ మనిషిని బయట పారేశాడు. నీలం కొలను బొమ్మలో చేసిందీ అదే, కార్డులో చేసిందీ అదే.

"నాన్నా, ఆంటీకి తెలిస్తే?" అంది అమ్మాయి.

"ఆవిడకెక్కడ తెలుస్తాయమ్మా పద్యాలు? పల్లెటూరావిడ. నువ్వు చెప్తే తప్ప తెలియదు. చెప్పకు."

"చెప్తాను. కార్డ్ ఇచ్చే ముందు నేనే చెప్తాను."

"శుభమా అని కార్డిస్తూ అశుభం మాట్లాడతావా?" అన్నాడాయన. అమ్మాయి తల్లి వంటగదిలోంచి ఇద్దరినీ పేర్లు పెట్టి పిలిచి అన్నానికి రమ్మంది. ఆ ఇంట్లో వాదన ముగించే పద్ధతి అది.

ఆదివారం పొద్దున్నే నన్ను కూడా రమ్మన్నారు. వెళ్లకపోతే బాగుండు అనిపించింది, అయినా వెళ్లాను. పెళ్లికొడుకు తల్లి సోఫాలో అంచున కూర్చుని ఉంది. చీర మీద కొడుకు స్వెటర్, కాళ్లకు మేజోళ్లు. చిన్నపాటి మనిషి. కొడుకు పక్కనే నిలబడ్డాడు, గోళ్ల చుట్టూ కడిగినా పోని నూనె నలుపు.

"ప్రయాణం బాగా జరిగిందాండీ?" అన్నాడు ఇంటాయన.

"జరిగింది అన్నా. విమానంల ఉప్పు లేని అన్నం పెట్టిన్రు. ఆ విమానంల పనిజేసే పొల్ల నవ్వుకుంట పెట్టింది, ఏమనబుద్ధి గాలె."

అమ్మాయి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. "ఆంటీ, కార్డ్ చూసే ముందు నేను ఒకటి చెప్పాలి," అని మొదలుపెట్టింది. అంతలో ఇంటాయన పళ్లెం తెచ్చాడు. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ, పక్కన పండ్లు, తమలపాకులు.

"ముందు పద్యం, తర్వాత మాటలు," అని కళ్లు మూసుకున్నాడు.

"నాన్నా, వద్దు."

రాగం ఎత్తుకున్నాక ఆయన ఆగడు. నాలుగు పాదాలూ చదివాడు. ఆమె తలవంచుకుని విన్నది. మూడో పాదం దగ్గర ఆమె పెదవులు కదలడం నేను చూశాను. ఆయనకంటే అరక్షణం ముందు కదులుతున్నాయి. ఆయన కళ్లు తెరిచి పందిరి, కుంకుమ, తలంబ్రాలు అంటూ వివరించడం మొదలుపెట్టాడు.

"జర ఆగు అన్నా," అందామె. "ఆ పెండ్లిపిల్లల కాళ్లు భూమికి ఆనయి గదా?"

"అవునండీ! మీకు తెలుసా? అద్భుతమైన భావమండీ అది."

"ఎందుకు ఆనయో ఎర్కేనా?"

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "అంటే... సౌకుమార్యం అండీ," అన్నాడు.

"గాదు. ఆళ్లు మనుషులు గాదు. సచ్చినోళ్లను తోల్కపోవుటానికి వచ్చినోళ్లు. దాని ఎనుక బంతి కూసుంటది. తినేటోళ్లు ఎవ్వలో సదువు."

ఆయన కార్డు వైపు చూశాడు. అందులో అంతవరకే ఉంది.

"నక్కలన్నా. నక్కలు, గద్దలు."

కొడుకు "అమ్మా" అన్నాడు. ఆమె చేత్తో వారించింది. కోపంగా లేదు. రేషన్ షాపులో తన వంతు కోసం నిలబడ్డ మనిషి మాట్లాడినట్టు మామూలుగా మాట్లాడింది.

"మా ఆయన వచ్చిననాడు ఊరంత వచ్చిన్రు. ఆయన్ను పెట్టిన డబ్బా తెరవనియ్యలె. కాలేజీ పంతులు ఒకాయన మైకు పట్టుకున్నడు. మొకం తామరపువ్వన్నడు. నేను సూడనే లేదు, ఆయన ఎప్పుడు జూసిండో. ఎనుక గీ పద్యమే సదివిండు. సదివి, అమ్మా ఏడువకు, నీ భర్తకు స్వర్గంల కన్యలు దండలేస్తున్నరు అన్నడు. ఇరవై మూడేండ్లదాన్ని, సంకల వీడు. ఇంక గాజులు గూడ తియ్యలె. నా మొగనికి నా ముంగట్నే ఇంకో పెండ్లి జేస్తివి గదరా అనుకున్న. అందరు సప్పట్లు కొట్టిన్రు." ఆమె ముక్కు తుడుచుకుంది. "ఏటా ఊర్ల ఆయన విగ్రహం కాడ సదువుతరు. ఇరవై అయిదేండ్లు. నాకు నోటికొచ్చింది. ఆ పంతులే ఓసారి మర్సిపోతే నేనందిచ్చిన."

ఆ గదిలో అప్పుడు నవ్వినది ఆమె ఒక్కతే.

యుద్ధకావ్యాల్లోని ఆ పోలికను అంత సూటిగా విప్పి చెప్పిన వ్యాఖ్యానం నేను ఎక్కడా చదవలేదు. మా మాస్టారు ఆ ఘట్టానికి వారం తీసుకున్నాడు. అలంకారం పేరు చెప్పాడు, లక్షణం చెప్పాడు, కవి ప్రౌఢిమ చెప్పాడు. ఆ దండలు వేస్తుంటే ఇంటి దగ్గర చూసేది ఎవరని మాత్రం చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "క్షమించండి. నిజానికి మేం ఉపమానం మాత్రమే..."

"డాడ్!" అంది అమ్మాయి.

ఆయన ఆగాడు. అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, సారీ. నేను ప్రామిస్ చేశాను."

"నువ్వేం జేసినవ్ బిడ్డా? నువ్వు సెప్పవోతనే ఉన్నవ్." తర్వాత ఇంటాయనను అడిగింది. "గిది ఎవ్వలకు సూపెట్టి అచ్చేసినవ్ అన్నా?"

"గురువుగారే చూశారండీ. పేపర్‌లో చేశారు. ఆయన ఏమీ అనలేదు."

ఆమె నా వైపు తిరిగింది. "నీకు ఎర్కేనా, దీని ఎనుక ఏమున్నదో?"

"తెలుసు," అన్నాను.

"మరేమనలే?"

మీ సంగతి అప్పటికి తెలియదమ్మా అనబోయాను. అది నిజమే. కానీ మీ సంగతి తెలియకపోయినా అది ఒక పిల్ల పెళ్లికార్డు అని తెలుసు. ఆయన్ను చూసి నవ్వుకుందామని ఊరుకున్నాను అని చెప్పడానికి నోరు రాలేదు. జవాబు కోసం ఆమె కాసేపే చూసింది.

"ఆయన తెల్వక పెట్టిండు. నువ్వు తెలిసి ఊకున్నవ్," అంది. అని పళ్లెంలోని కార్డు చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు లేచి వెళ్లిపోతుందని అమ్మాయి మొహంలో రాసి ఉంది. వెళ్లిపోతే పెళ్లి ఉంటుందో ఉండదో చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో లేరు.

పెళ్లికొడుకు వంగి తల్లి చేతిలోని కార్డు తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. పాడైన సామాను చూసినట్టు చూశాడు. మూడు ఆకులు, ఎడమ పక్క రెండు కన్నాలు, వాటిలోంచి పట్టుదారం. "అమ్మా, గీ ముడి ఇప్పితే ముందటి ఆకు ఊడొస్తది," అన్నాడు. విప్పాడు, ఆకు తీశాడు, మిగతా రెండూ కలిపి మళ్లీ ముడేశాడు. ఇప్పుడు మొదట్లోనే పేర్లు, కింద తేదీ, వేళ, హాలు చిరునామా. అంతే ఉంది.

ఆమె చదువుకుంది. వేలు పెట్టి కొడుకు పేరు, అమ్మాయి పేరు, తన పేరు. తన పేరు పక్కన భర్త పేరు కూడా ఉంది. ముందు ఏ బిరుదూ లేదు. అక్కడ వేలు కాస్త ఎక్కువసేపు ఆగింది.

"పసుపు ఆ ఆకు మీదనే పాయె. జర పసుపు తేపో బిడ్డా," అంది.

అమ్మాయి వంటగదిలోకి పరుగెత్తింది. కార్డుల పెట్టె కూడా తెచ్చింది. మధ్యాహ్నం దాకా ఆ బల్ల చుట్టూ కూర్చుని ముళ్లు విప్పాం. పెళ్లికొడుకు అందరికంటే వేగం. అమ్మాయి తల్లి ఊడిన ఆకులను తిరగేసి సర్దింది, వెనకవైపు ఖాళీగా ఉంది, సరుకుల చీటీలు రాసుకోవచ్చని. ఇంటాయన కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి, అయినా నాలుగో పాదం నడక చాలా గొప్పదండీ అని ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

నేను లేచి వెళ్లబోతుంటే ఆమె ఒక కట్ట నా ముందుకు తోసింది. "సేతులున్నయి గదా. కూసో."

కూర్చున్నాను. చేసినవి ఎక్కువ లేవు. నా వేళ్లకు ఆ సన్నదారం సరిగా దొరకదు. నేను కట్టిన ముడి వదులుగా ఉందని ఆమె తీసుకుని విప్పి, మళ్లీ గట్టిగా కట్టి, అవతల దొంతిలో పెట్టింది.